నైట్ డ్యూటీ చేసి వచ్చాక పగలు గాఢంగా నిద్రపోవాలంటే: సి షిఫ్ట్ వాళ్లకు సమగ్ర మార్గదర్శి

"ఉదయం ఎనిమిదింటికి పడుకుంటే పదకొండున్నరకే మెలకువ వచ్చేస్తోంది. మళ్లీ పట్టదు. రాత్రి డ్యూటీలో కళ్లు మూతపడుతున్నాయి. ఏం చేయాలి?" సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) చేసేవాళ్లు, ఆసుపత్రి నర్సులు, కాల్ సెంటర్ ఉద్యోగులు, సెక్యూరిటీ గార్డులు అందరూ ఇదే అడుగుతుంటారు. చాలామంది జవాబు కోసం మంచం దగ్గర వెతుకుతారు. మెత్తని దిండు, మంచి ఫ్యాన్, ఏదైనా మాత్ర. కానీ పగటి నిద్ర బాగుండాలంటే ఏర్పాటు డ్యూటీలో ఉండగానే, రాత్రి రెండు గంటల నుంచే మొదలుపెట్టాలి. మిగతా సగం పని మీ ఇంట్లోవాళ్లు చేయాలి.

ఇక్కడ లెక్కంతా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నడిచే షిఫ్ట్‌కి చెబుతున్నాను. 12 గంటల డ్యూటీ చేసే నర్సులకు, ఇంటి పని కూడా మీద ఉన్నవాళ్లకు తేడాలు ఎక్కడికక్కడ చెప్తాను.

1. పగటి నిద్ర మధ్యలో ఎందుకు తెగిపోతుంది

ఇది తెలిస్తే కింది మెట్లన్నీ ఎందుకో అర్థమవుతాయి. కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను.

నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఒకటి, మేలుకుని ఉన్న కొద్దీ పేరుకునే అలసట. రెండోది, మెదడులో ఉన్న గడియారం. నైట్ దిగేసరికి అలసట నిండుగా ఉంటుంది కాబట్టి ఎనిమిదింటికి ఇట్టే నిద్ర పడుతుంది. మూడు నాలుగు గంటలు పడుకునేసరికి అందులో చాలా భాగం తీరిపోతుంది. అప్పటికి గడియారం "పట్టపగలు, లే" అంటూ ఉంటుంది. ఒంటి వేడి తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అన్నిటికన్నా తక్కువగా ఉండి, అక్కడి నుంచి సాయంత్రం దాకా పెరుగుతూ పోతుంది. వేడి పెరిగే వేళ నిద్ర పలచబడుతుంది.

ఆ పలచటి వేళలో చిన్న చప్పుడు, సన్నని వెలుగు, ఆకలి, మూత్రం, ఉక్కపోత, ఏది తగిలినా మెలకువ వచ్చేస్తుంది. రాత్రి పూట ఇవే తగిలినా పక్కకు తిరిగి పడుకుంటాం. అందుకే పగలు పడుకునేవాళ్ల గది, రాత్రి పడుకునేవాళ్ల గది కన్నా ఎంతో మెరుగ్గా ఉండాలి. "నిద్ర వస్తే రాళ్ల మీదైనా పడుతుంది" అనే మాట రాత్రికి సరిపోవచ్చు, పగటికి సరిపోదు.

2. గదిని సిద్ధం చేయడం

దీనికి ఒక సెలవు రోజు కేటాయించండి. ఒకసారి చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

*ఏ గది?* ఇంట్లో రెండు గదులుంటే తూర్పు కిటికీ ఉన్నదాన్ని వదిలేయండి. మీరు పడుకునే వేళకే ఎండ నేరుగా అందులోకి వస్తుంది. ఉత్తరం వైపు గది అన్నిటికన్నా మంచిది. పడమటి గది మధ్యాహ్నం రెండు దాకా బాగుంటుంది, తర్వాత కాగుతుంది. వంటగదికి, వీధి తలుపుకి ఎంత దూరమైతే అంత మేలు. పై అంతస్తు, కింది అంతస్తు రెండూ ఉంటే వేసవి నాలుగు నెలలు కిందికి మారండి.

*వెలుగు.* పరీక్ష తేలిక. మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ వేసి, గదిలో అయిదు నిమిషాలు కూర్చుని, చెయ్యి చాచి చూడండి. వేళ్లు విడివిడిగా స్పష్టంగా కనిపిస్తున్నాయంటే వెలుగు ఇంకా ఎక్కువే.

బ్లాక్‌అవుట్ కర్టెన్లు కొనగలిగితే సరే. లేకపోతే ఫ్రిజ్, టీవీ వచ్చిన అట్టపెట్టెలను కిటికీ కొలతకు కోసి లోపలి నుంచి బిగించండి. అద్దాలకు బయటి వైపు అల్యూమినియం ఫాయిల్ అంటిస్తే వెలుగుతో పాటు వేడి కూడా తగ్గుతుంది. కర్టెన్ గోడకు దూరంగా వేలాడితే పైనుంచి, పక్కల నుంచి వెలుగు జారుతుంది. కడ్డీని కిటికీ కన్నా జానెడు పైకి, అటూ ఇటూ జానెడు వెడల్పుగా బిగించండి.

అందరూ మర్చిపోయేవి మూడు: తలుపు పైన ఉండే వెంటిలేటర్, తలుపు కింద సందు, ఏసీ లేదా సెట్‌టాప్ బాక్స్ మీద వెలిగే చిన్న లైటు. మొదటిదానికి అట్ట, రెండోదానికి చుట్టిన పాత దుప్పటి, మూడోదానికి నల్ల టేపు ముక్క. ఇవేవీ కుదరని అద్దె గదిలో ఉంటే కళ్లకు కట్టుకునే మెత్తటి పట్టీ వాడండి.

*వేడి.* మన దగ్గర అసలు పోరాటం ఇక్కడే. రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గని కార్మికులు, పవర్ ప్లాంట్ వాళ్లు ఆ ఎండలోనే పగలు పడుకోవాలి. పగలంతా ఎండను పీల్చుకున్న స్లాబు మధ్యాహ్నం నుంచి గదిలోకి వేడి వదులుతూ ఉంటుంది, సాయంత్రానికి అది మరీ ఎక్కువవుతుంది. కాబట్టి పై అంతస్తులో ఉండేవాళ్లు నిద్రలో ఎక్కువ భాగం ఉదయమే ముగించేలా చూసుకోవాలి. "మధ్యాహ్నం పడుకుందాంలే" అనే ఆలోచన వేసవిలో పనికిరాదు.

డాబా మీద, రేకుల మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేస్తే లోపల తేడా తెలుస్తుంది. గది కిటికీలు ఉదయం ఆరింటి దాకా తెరిచి ఉంచి చల్లగాలి రానివ్వమని, ఎండ ఎక్కకముందే మూసేయమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. మీరు వచ్చేసరికి గది చల్లబడి, చీకటిగా సిద్ధంగా ఉంటుంది.

కూలర్ తెలంగాణ, రాయలసీమల పొడి వేడికి బాగా పనిచేస్తుంది. దానికి ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉండాలి, లేకపోతే గదంతా చెమ్మ పట్టి ఉక్కపోత పెరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి కూలర్ మీద డబ్బు పెట్టకండి. అక్కడ ఫ్యాన్, పలచటి నూలు దుప్పటి, వీలైతే ఏసీ. ఏసీ 24 నుంచి 26 మధ్య పెట్టి ఫ్యాన్ కూడా తిప్పితే చాలు.

దోమల కోసం మూసిన గదిలో కాయిల్ వెలిగించవద్దు. ఆ పొగలో ఆరేడు గంటలు పడుకోవడం ఊపిరితిత్తులకు మంచిది కాదు. దోమతెర కట్టుకోండి.

*చప్పుడు.* పగటి చప్పుళ్లన్నీ ఆపలేం. చెత్త బండి పాట, కూరగాయల బండి మైకు, పక్కింటి కుక్కర్ విజిల్, పెళ్లి మేళం ఉండనే ఉంటాయి. చేయాల్సింది రెండు పనులు: ఎడతెగని ఒకే రకం హోరుతో ఆ చప్పుళ్లను కప్పేయడం, చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకోవడం.

హోరుకి కూలరో, గోడ వైపు తిప్పిన టేబుల్ ఫ్యానో చాలు. పాటలు, ప్రవచనాలు పెట్టుకోకండి. అవి హెచ్చుతగ్గులతో, మాటలతో ఉంటాయి కాబట్టి మెదడు వింటూనే ఉంటుంది.

మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే ఫోమ్ ప్లగ్‌లు చవక. "పెట్టుకున్నా చప్పుడు వినిపిస్తోంది" అనేవాళ్లలో చాలామంది వాటిని చెవి బయటే ఆనించి వదిలేస్తారు. సరైన పద్ధతి ఇది: శుభ్రమైన వేళ్లతో ప్లగ్‌ను సన్నగా నలిపి చుట్టండి. రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగండి. ప్లగ్‌ను లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోండి. చెవిలో చీము, నొప్పి ఉన్నప్పుడు పెట్టుకోకూడదు. అలారం వినపడుతుందో లేదో ముందే ఒక సెలవు రోజు సరిచూసుకోండి. లేదంటే లేపే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

గది చెక్‌లిస్ట్:
☐ మధ్యాహ్నం చేతివేళ్ల పరీక్ష అయింది
☐ వెంటిలేటర్, తలుపు సందు మూసి ఉన్నాయి
☐ ఫ్యాన్ లేదా కూలర్ హోరు సిద్ధం
☐ దోమతెర, నూలు దుప్పటి, మంచం పక్కన నీళ్ల సీసా
☐ కరెంటు పోతే ఫ్యాన్ ఇన్వర్టర్ మీద నడుస్తుంది
☐ గడియారం ముఖం మంచం వైపు లేదు

3. ఇంట్లో ఒప్పందం

గది ఎంత బాగున్నా "ఒక్క నిమిషం, బీరువా తాళం ఎక్కడ?" అని లేపితే నిద్ర పోయినట్టే. ఇంట్లోవాళ్లకు మీ మీద ప్రేమ లేక కాదు. పగలు పడుకున్న మనిషిని లేపితే పెద్ద నష్టం ఉండదని అనుకుంటారు. పైగా పగటి నిద్ర మంచిది కాదని పెద్దవాళ్లు చెప్పిన మాట ఒకటి మనసులో ఉంటుంది. కాబట్టి విసుక్కోకుండా, అందరూ ఉన్నప్పుడు కూర్చుని ఒకసారి మాట్లాడండి. "ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నాకు రాత్రి" అని చెప్పండి.

ఆ మాటల్లో ఈ విషయాలు తేల్చుకోండి:

• ఏయే సందర్భాల్లో లేపాలి? ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, ప్రమాదం జరిగితే, డ్యూటీ నుంచి అత్యవసర ఫోన్ వస్తే. అంతే.
• గ్యాస్ సిలిండర్, కొరియర్, పాల బిల్లు ఎవరు చూస్తారు? ఒంటరిగా ఉంటే డెలివరీలు సాయంత్రానికి పెట్టుకోండి, లేదా వాచ్‌మన్ దగ్గర ఇమ్మనండి.
• మిక్సీ, గ్రైండర్ ఎనిమిదిలోపు, లేదా మూడు తర్వాత.
• కాలింగ్ బెల్ ఆపేసి, తలుపుకి "నైట్ డ్యూటీ చేసి పడుకున్నారు. దయచేసి 3:00 తర్వాత రండి" అని అట్ట వేలాడదీయడం.

చిన్నపిల్లలకు గంటలు చెప్తే అర్థం కాదు. గోడ గడియారంలో చిన్న ముల్లు ఎక్కడికి వస్తే నాన్న, అమ్మ లేస్తారో రంగు కాగితం అంటించి చూపించండి. లేచాక ఆ పిల్లలకు ఒక అరగంట పూర్తిగా ఇవ్వండి. అది ఖాయమని తెలిస్తే ఆగుతారు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చి, టిఫిన్ చేసి, పిల్లల్ని బడికి పంపి, వంట ముగించి పదింటికి మంచం ఎక్కే నర్సమ్మలు మన ఊళ్లలో కోకొల్లలు. ఉదయం ఏడు నుంచి పది దాకా గంటలు ఆమెకు నిద్ర బాగా పట్టే గంటలు. వాటిని ఇంటి పనికి ఖర్చు చేశాక ఏ చిట్కా చెప్పినా నిద్ర నిండదు. నైట్స్ ఉన్న రోజుల్లో ఆ పని భర్తో, ఇంట్లో మరో పెద్దవాళ్లో చేయాలి. ఇది సాయం కాదు, వాళ్ల వంతు. చేసేవాళ్లు ఎవరూ లేకపోతే వంట నిద్ర లేచాక మధ్యాహ్నం చేసి, మర్నాటి ఉదయానికి కావాల్సింది ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఆఫీసుకి కూడా చెప్పాల్సింది ఉంది. నైట్ దిగినవాళ్లను ఉదయం పదకొండింటికి ట్రైనింగ్‌కి పిలవడమంటే, పగటి డ్యూటీ వాళ్లను రాత్రి రెండింటికి మీటింగ్‌కి పిలిచినట్టే. షిఫ్ట్ ఎక్కే ముందు అరగంట పెట్టమని నలుగురూ కలిసి అడగండి.

4. డ్యూటీలో ఉండగా: రాత్రి రెండు నుంచి ఆరు దాకా

*టీ, కాఫీ.* కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీలో సగం తొమ్మిదింటికి కూడా లోపలే ఉంటుంది. అప్పటికి నిద్ర పట్టినా లోతుగా ఉండదు. కాబట్టి ఎనిమిదింటికి పడుకునేవాళ్లకు చివరి టీ రెండింటికి. షిఫ్ట్ మొదట్లో ఒకటి, పన్నెండుకి ఒకటి, రెండింటికి చిన్న కప్పు. ఎనర్జీ డ్రింకులు, కోలాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. షిఫ్ట్ దిగగానే గేటు బయట నలుగురితో తాగే టీ ఉంది చూశారూ, చాలామంది నిద్ర పాడు చేసేది అదే. ఆ కబుర్లు మానక్కర్లేదు, చేతిలో టీ బదులు వేడి పాలు పట్టుకోండి.

సిగరెట్, ఖైనీ, గుట్కా కూడా మెదడును మేల్కొల్పేవే. పూర్తిగా మానేస్తే అన్నిటికన్నా మంచిది. మానలేకపోతున్నా, కనీసం చివరి రెండు గంటల్లో వద్దు.

*తిండి.* పెద్ద భోజనం ఇంట్లో డ్యూటీకి బయల్దేరే ముందే అయిపోవాలి. పన్నెండు, ఒంటిగంట మధ్య తేలిగ్గా పెరుగన్నమో, రెండు చపాతీలో. రెండు దాటాక బిర్యానీ, బజ్జీలు తింటే పొట్టలో మంటతోనే ఇంటికొస్తారు.

*నీళ్లు.* రాత్రంతా బాగా తాగండి, అయిదు తర్వాత తగ్గించండి. రాత్రంతా తాగక, ఇంటికొచ్చి ఒకేసారి లీటరు తాగితే పదింటికి బాత్రూమ్ కోసం లేవాల్సిందే.

*కునుకు.* అనుమతి ఉన్న చోట బ్రేక్‌లో 20 నిమిషాల కునుకు చాలా మేలు చేస్తుంది. లేచిన వెంటనే మెషిన్ దగ్గరికి, ఇంజెక్షన్ ట్రే దగ్గరికి వెళ్లకండి. మగత వదలడానికి పదిహేను నిమిషాలైనా పడుతుంది. నాలుగు దాటాక గంటసేపు పడుకుంటే ఇంటి నిద్రలో కోత పడుతుంది.

*లైట్లు.* షిఫ్ట్ మొదటి సగంలో ఎంత వెలుగులో ఉంటే అంత చురుగ్గా ఉంటారు. పని అనుమతిస్తే చివరి గంటలో ఫోన్ తెర మసకగా చేసుకోండి.

5. ఇంటికి వచ్చే దారి

మొదట ప్రాణం, తర్వాతే నిద్ర. పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 30. అంటే మొదటి నైట్ చేసి బండి మీద వచ్చేవాళ్లు, మధ్యాహ్నం పడుకోకుండా డ్యూటీకి వెళ్లి ఉంటే, తాగి నడిపినంత ప్రమాదంలో ఉన్నట్టే.

తల వాలడం, దాటిన మలుపు గుర్తులేకపోవడం, బండి పక్కకు జరగడం: వీటిలో ఒక్కటి కనిపించినా ఆపేయండి. ముఖం కడుక్కోవడం, పాటలు పెంచడం లాంటివాటితో ఆ మత్తు పోదు. ప్లాంట్ రెస్ట్ రూమ్‌లోనే 20 నిమిషాలు పడుకుని, మగత వదిలాక బయల్దేరండి. రిలీవర్ (మీ తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన మనిషి) రాక డబుల్ డ్యూటీ పడిన రోజున బండి అక్కడే వదిలేసి కంపెనీ బస్సో, ఆటోనో ఎక్కండి.

బస్సులో, క్యాబ్‌లో వచ్చేవాళ్లు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. ఉదయపు ఎండ కంట్లో పడితే మెదడు గడియారం పగటి వైపు తిరిగిపోతుంది. సొంతంగా నడిపేవాళ్లు మాత్రం కళ్లు బరువుగా ఉన్నప్పుడు నల్లద్దాలు వాడకండి, ఆ వెలుగే మిమ్మల్ని మేలుకొని ఉంచుతుంది.

దారిలో పాలు, కూరగాయలు, బ్యాంకు పని పెట్టుకోకండి. నేరుగా ఇంటికి.

6. ఇంటికి చేరాక: గంటలోపు మంచం మీద

వరుస ఇది. ఏడింటికి ఇల్లు చేరినట్టు లెక్క.

1) 7:00: హాల్లో కర్టెన్లు వేసే ఉండాలి. ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టండి. ఇంట్లోవాళ్లు, డ్యూటీ ఇన్‌ఛార్జి నంబర్లకు మాత్రమే మినహాయింపు. అలారం మోగేలా ఉందో లేదో చూసుకోండి.

2) 7:05: గోరువెచ్చని నీళ్లతో స్నానం. చన్నీళ్లు ఒంటిని మేల్కొల్పుతాయి. మే నెలలో ట్యాంకు నీళ్లే గోరువెచ్చగా వస్తాయి, గీజర్ అక్కర్లేదు.

3) 7:20: పూజ అలవాటుంటే దేవుడి గదిలో క్లుప్తంగా. తులసికి నీళ్లు, సూర్యనమస్కారం లాంటివి ఎండలో చేసేవి కాబట్టి నైట్స్ ఉన్న వారం లేచాకే చేయండి.

4) 7:30: రెండు ఇడ్లీలు, లేదా అరటిపండు, గ్లాసు పాలు. ఏమీ తినకుండా పడుకుంటే పదకొండింటికి ఆకలే లేపుతుంది. పూరీ, మసాలా దోసె తిని వెంటనే వాలిపోతే పుల్లటి తేన్పులు లేపుతాయి.

5) 7:40: మసక వెలుగులో పావుగంట నెమ్మదిగా. రాత్రి పనిలో మిగిలిన టెన్షన్ ఉంటే కాగితం మీద రెండు లైన్లు రాసి పక్కన పెట్టండి. నర్సులు చాలామంది "ఆ పేషెంట్ సంగతి హ్యాండోవర్‌లో చెప్పానా లేదా" అని పడుకున్నాక తలచుకుంటారు. అనుమానం ఉంటే పడుకోకముందే ఫోన్ చేసి చెప్పేయండి.

6) 8:00: మంచం. సోఫా కాదు, టీవీ ముందు కాదు.

12 గంటల డ్యూటీ చేసి ఉదయం 8కి దిగేవాళ్లు ఇదే వరుసను నలభై నిమిషాలకు కుదించి, తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. సాయంత్రం ఏడింటికి మళ్లీ బయల్దేరాలి కాబట్టి నైట్స్ ఉన్నన్ని రోజులు ఇంక ఏ పనీ పెట్టుకోకండి.

7. ఒకే విడతా, రెండు విడతలా?

పెద్దవాళ్లకు రోజుకి కనీసం ఏడు గంటలు కావాలి. దాన్ని రెండు రకాలుగా పూర్తి చేయొచ్చు.

ఒకే విడత: ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 3. గది చల్లగా ఉండి, ఇంట్లో సందడి తక్కువ ఉంటే ఇదే మేలు.

రెండు విడతలు: ఉదయం 8 నుంచి 12:30, మళ్లీ సాయంత్రం 6 నుంచి 8:30. పిల్లలు బడి నుంచి మూడింటికి వచ్చే ఇళ్లకు, పై అంతస్తు వాళ్లకు, నాలుగున్నర గంటలకు మించి ఎంత ప్రయత్నించినా పట్టనివాళ్లకు ఇది సరైనది. సాయంత్రం వేళ చాలామందికి నిద్ర రాదు, ఒళ్లు అప్పుడు బాగా మేలుకుని ఉంటుంది. అలాంటివాళ్లు రెండో విడతను మధ్యాహ్నం 2 నుంచి 4:30 మధ్యకు జరపండి. భోజనం తర్వాత సహజంగా మగత వచ్చే వేళ అదే.

రెండు విడతలు కలిపి ఏడు గంటలు వస్తే మీరు నష్టపోయిందేమీ లేదు. "నాకు ఒకేసారి పట్టడం లేదు" అని దిగులు పడేవాళ్లకు ఇది చెప్పడం ముఖ్యం, ఎందుకంటే ఆ దిగులే చాలామందిని మేలుకోబెడుతోంది.

8. మధ్యలో మెలకువ వస్తే

పదకొండింటికి కళ్లు తెరుచుకున్నాయనుకోండి. ఫోన్ చూడొద్దు, టైమ్ చూడొద్దు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే పెద్ద లైటు వేయకుండా వెళ్లి రండి. ఒక గుక్క నీళ్లు. మళ్లీ అదే చీకట్లో కళ్లు మూసుకుని, ఊపిరి వదలడం తీసుకోవడం కన్నా పొడవుగా ఉండేలా నెమ్మదిగా పీలుస్తూ ఉండండి.

ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా పట్టకపోతే లేచి పక్క గదిలో మసక వెలుగులో కూర్చోండి. బట్టలు మడతపెట్టడం, జపం లాంటి నెమ్మది పని ఏదైనా చేయండి. ఆకలిగా ఉంటే గ్లాసు మజ్జిగ. కళ్లు బరువెక్కాక మళ్లీ మంచం మీదికి. అప్పటికీ రాకపోతే కుస్తీ పట్టకండి. లేచి రెండో విడత పద్ధతికి మారిపోండి.

9. లేచాక

లేచిన వెంటనే వెలుగులోకి రండి. ఆ రాత్రి డ్యూటీ ఉంటే సాయంత్రపు వెలుగు మీకు మిత్రుడు. భోజనం, చిన్న నడక, ఒక కాఫీ ఇప్పుడు తప్పులేదు. లేచిన అరగంట దాకా ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దు, ముఖ్యమైన నిర్ణయాలూ వద్దు. ఆ మగతలో మనసు కుదురుగా ఉండదు.

10. మొదటి నైట్, చివరి నైట్, సెలవు

మొదటి నైట్: ఉదయం మామూలుగా లేవండి. మధ్యాహ్నం భోజనం తర్వాత గంటన్నర పడుకోండి. ఆ రోజు మధ్యాహ్నం టీ మానితే ఆ కునుకు పడుతుంది. ఈ ఒక్క పని మొదటి రాత్రి కునికిపాట్లను బాగా తగ్గిస్తుంది.

చివరి నైట్: దిగాక 12 దాకా మాత్రమే పడుకోండి. లేచి ఎండపొడలో తిరగండి, సాయంత్రం కునుకు తీయకుండా రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోండి. మధ్యాహ్నం నాలుగు దాకా పడుకున్నారంటే ఆ రాత్రంతా పైకప్పు చూస్తూ ఉంటారు, మర్నాటి ఎ షిఫ్ట్ (ఉదయం డ్యూటీ) కూడా పాడవుతుంది.

వారంలో రెండు మూడు నైట్సే ఉంటే గడియారాన్ని తిప్పాలని ప్రయత్నించకండి, నిద్ర బాకీ పెరగకుండా చూసుకుంటే చాలు. నెలల తరబడి నైట్సే చేసే సెక్యూరిటీ, కాల్ సెంటర్ వాళ్లు మాత్రం సెలవు రాత్రి పదింటికే పడుకుని పూర్తిగా పగటి మనుషులైపోతే, మళ్లీ సోమవారం మొదటికొస్తుంది. సెలవు రాత్రి రెండు, మూడు దాకా మేలుకుని పది, పదకొండు దాకా పడుకోవడం మధ్యేమార్గం. పగలు సగం కుటుంబంతో గడుస్తుంది, గడియారమూ పెద్దగా చెదరదు.

11. ఎక్కువమంది చేసే తప్పులు

*ఇంకాస్త అలసిపోతే బాగా పడుతుందని పనులు పెట్టుకోవడం.* పది దాటాక గడియారం మీకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఎంత అలసినా నిద్ర పలచగానే ఉంటుంది. ఏ పనైనా మూడు తర్వాత.

*మద్యం తాగి పడుకోవడం.* త్వరగా పడుతుంది, నిజమే. రెండు మూడు గంటల తర్వాత ముక్కలైపోతుంది. గురక, దాహం, మూత్రం తోడవుతాయి. దీనికి సవరణ లేదు, మానడమే.

*పడుకునే చోటే ఫోన్.* తలగడ కింద ఉన్న ఫోన్ మోగకపోయినా చెయ్యి అటే వెళ్తుంది. అలారానికి చిన్న గడియారం కొనుక్కుని, ఫోన్ హాల్లో పెట్టండి.

*సెలవు రోజు పద్నాలుగు గంటలు.* బాకీ తీర్చుకోవాలనిపిస్తుంది. మామూలు కన్నా గంటన్నర, రెండు గంటలు ఎక్కువ చాలు. మిగతాది మరుసటి రోజుకి వదలండి.

*రోజుకో వేళ.* ఒక రోజు ఏడున్నర, ఒక రోజు పదకొండు. నైట్స్ ఉన్నన్ని రోజులు పడుకునే వేళ ఒకటే ఉంటే మూడో రోజు నుంచి తేడా కనిపిస్తుంది.

12. మాత్రలు, డాక్టర్

అల్ప్రాజోలం లాంటి మత్తు మాత్రలు స్నేహితుడు ఇచ్చాడని వేసుకోకండి. అలవాటు పడతారు, మోతాదు పెరుగుతుంది, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. జలుబు మాత్రలు, దగ్గు మందుతో వచ్చే మగత నైట్ డ్యూటీలోనూ వెంటాడుతుంది. మెలటోనిన్ (నిద్ర వేళను మెదడుకు తెలిపే హార్మోన్) మాత్ర కొందరికి పనిచేస్తుంది, కానీ ఏ వేళకు, ఎంత అనేది డాక్టర్ చెప్పాలి. వేళ తప్పితే గడియారం తలకిందులవుతుంది.

షుగర్‌కి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు నైట్స్ మొదలుకాకముందే డాక్టర్‌ను కలవాలి. షుగర్ మందు వేసుకుని తినకుండా ఆరేడు గంటలు పడుకుంటే నిద్రలోనే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఫిట్స్ ఉన్నవాళ్లకు నిద్ర చాలకపోవడమే ఫిట్ తెప్పించవచ్చు.

ఈ లక్షణాలుంటే వాయిదా వేయకండి:
☐ గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడటం
☐ పడుకోగానే కాళ్లలో జిల పుట్టి కదపాలనిపించడం
☐ బండి మీద, మెషిన్ దగ్గర కునుకు పట్టడం
☐ పైవన్నీ పాటించినా వారంలో మూడు రోజులు నిద్ర లేక, మూడు నెలలుగా అదే పరిస్థితి
☐ దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం. దీనికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల నిద్ర పట్టిక తీసుకెళ్లండి. తేదీ, షిఫ్ట్, చివరి టీ వేళ, పడుకున్న వేళ, మెలకువలు, లేచిన వేళ: ఈ ఆరు గడులు చాలు, పాత డైరీలో గీసుకోండి. పక్కన పడుకునేవాళ్లను గురక ఒక నిమిషం ఫోన్‌లో రికార్డు చేయమనండి. షిఫ్ట్ రోస్టర్ ఫొటో కూడా చూపించండి. నైట్స్ మీ ఆరోగ్యానికి సరిపడవని డాక్టర్ తేలిస్తే ఆ మాట కాగితం మీద రాయించుకుని ఇన్‌ఛార్జికి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.